నిద్ర వట్టిందా

జనవరి 29, గురువారం

ఎరువుల దుకాణం వాడు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. అట్ట మీద పురుగుమందు డబ్బా బొమ్మ ఉంది. ఇన్ని రోజులు సంచిలో ఊరికే పడి ఉంది. నాది మూడో తరగతి చదువు. వత్తులు తప్పుతాయి. తప్పితే తప్పనీ, చదివేది నేనే.

నా పెండ్లాం భీమమ్మను గద్వాల దవాఖానలో లోపలి గదిలో వేశారు. ఐసీయూ అంటారు. మొదట జలుబు అనుకున్నాం. మిరపకాయ ఆరబోసిన కల్లంలో మంచుకు పడుకుంది కదా, అదే తగ్గుతుందిలే అనుకున్నాం. టార్పాలిన్ పరదా కింద మంచం మీద నేను, కాయ కుప్ప పక్కన ఆమె. అక్కడ పడుకుంటానని ఆమే అంది. నేను చెప్పలేదు.

నిన్న పొద్దున బిందె ఎత్తబోయి కూలబడింది. పెదవులు నల్లబడ్డాయి. రాజోలి నుంచి బండి మాట్లాడి తీసుకొచ్చాం. న్యుమోనియా అంది డాక్టరమ్మ. రెండు ఊపిరితిత్తులకూ పట్టిందట. ముఖానికి మాస్కు బిగించి మిషన్‌తో గాలి కొడుతున్నారు.

పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చూడనిస్తారట. మిగతా పొద్దంతా బయట వరండాలో కూర్చోవాలి. నా పెండ్లాన్ని నేను చూడబోతే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి తియ్యమన్నాను. తియ్యలేదు.

కొడుకు వెంకట్రాములును కల్లం దగ్గరే ఉండమన్నాను. కాయ వదిలి ఇద్దరం ఇక్కడ కూర్చుని ఏం చేస్తాం. నాకు ఎవరి తోడూ అక్కర్లేదు.

జనవరి 30, శుక్రవారం

ఆమె నిద్రపోవడం లేదట. డాక్టరమ్మ పేరు జయశ్రీ. నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"పెద్దాయనా, అవ్వ వచ్చిన కాడికెళ్లి కన్ను మూస్తలేదు. నిద్ర లేకుంటే మనిషి అలసిపోతది, మనసు పట్టు తప్పుతది. గాలి పీల్చే బలం గూడ ఉండది."

"దానికేముందమ్మ, ఒక సూది వెయ్యరాదు?"

"నిద్ర మందిస్తే ఊపిరి ఇంక మందమైతది. ఈమెకిప్పుడు అది ప్రమాదం. మందు లేకుంటనే నిద్ర తెప్పియ్యాలె."

మందు లేకుండా నిద్ర తెప్పించడానికా ఇంత పెద్ద దవాఖాన అని అడిగేశాను. ఆమెకు కోపం రాలేదు. మంచి మనిషే.

తర్వాత సిస్టరు వచ్చింది. పేరు రెబెకా. అయిజ దిక్కు పిల్ల, నోరు గట్టిది. వాళ్ళు చేసేదంతా చెప్పింది. పగలు కిటికీ తెర తీసి వెలుతురు పడనిస్తారు. మధ్యాహ్నం కాసేపు, రాత్రంతా దీపాలు తగ్గిస్తారు. మిషన్ల కూత తగ్గిస్తారు. కళ్ళ మీద మెత్తటి గుడ్డ, చెవుల్లో చిన్న బిరడాలు. నెత్తురు తీసేదీ, సూది వేసేదీ, పక్క మార్చేదీ అన్నీ ఒక్క దెబ్బకు చేసేసి, ఆ తర్వాత ఆమెను ముట్టుకోరు. అంతా విని తల ఊపాను.

"సరే గని తాతా, ఇంట్ల అవ్వ ఎట్ల పండుకుంటది? చీకటి గావాల్నా, దీపం ఉండాల్నా? ఏ పక్కకు ఒరుగుతది?"

"అందరు ఎట్ల పండుకుంటరో గట్లనే."

"గట్ల గాదు తాత. అలవాటున్న తీరు జేస్తెనే నిద్రొస్తది. ఏ పక్క?"

"కుడి" అన్నాను. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ పిల్ల రాసుకుంది.

ఆమె నిద్రకు ఏ రోగమూ లేదని కూడా చెప్పాను. రోగమంతా నా నిద్రకే. నాకు కన్ను అంటుకునే వేళకు సరిగ్గా "నిద్ర వట్టిందా?" అని అడుగుతుంది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే. "వడ్తుండె, నువ్వే చెడగొడ్తివి" అని కసురుతాను. అప్పుడు నోరు మూస్తుంది. ఇది చెబితే రెబెకా నవ్వింది.

వరండాలో మగవాళ్ళు పట్టపగలు నోరు తెరుచుకుని పడుకున్నారు. నేను పగలు కన్ను మూసిన మనిషిని కాను.

జనవరి 31, శనివారం

నన్ను గుర్తుపట్టింది గానీ మాట తేడాగా ఉంది. గాలి మిషన్‌ను చూసి "బర్రె తెంపుకున్నది, పట్టు, పట్టు" అంటోంది. బర్రెను అమ్మి ఎన్నో ఏండ్లయింది. కళ్ళ మీద గుడ్డ వేస్తే పీకేసింది. చెవిలో బిరడాలు పెడితే గుంజి పారేసింది. తర్వాత మాస్కు కూడా పీకింది. పెదవులు మళ్ళీ నల్లబడ్డాయట.

సాయంత్రం నేను పోయేసరికి రెండు చేతులూ మెత్తటి పట్టీలతో మంచానికి కట్టి ఉన్నాయి.

"పశువును గట్టినట్టు గడ్తరా?" అని అరిచాను.

"మెల్లగ తాత, పక్కన పేషెంట్లున్నరు" అంది రెబెకా. "మాస్కు పీకితే పానం మీదికొస్తది. నిద్ర లేకనే గిట్లయితున్నది. జరసేపు మంచిగ పండుకోనీ, నేనే ఇప్పుత. నీ మీదొట్టు."

"నా మీదెందుకు, నీ మీద వెట్టుకో."

"సరే, నా మీదనే."

ఫిబ్రవరి 1, ఆదివారం

ఆమె కన్ను మూయలేదు. నేనూ మూయలేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

ఇంటి మనిషి పక్కనుంటే కొందరికి నిద్ర వస్తుందని డాక్టరమ్మ అంది. మధ్యాహ్నం దీపాలు తగ్గించే వేళ నన్ను లోపల కూర్చోనిస్తానంది. నేను అడగలేదు, ఆమే అంది. వాచ్‌మన్ ముఖం చూడాల్సింది.

కుర్చీ వేశారు. తలగుడ్డ సరిచేసుకుని, కర్ర మోకాళ్ళ నడుమ పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను. ఒరగలేదు. నేను ప్రతి శివరాత్రికీ ఆలంపూర్ పోయి జాగారం చేసేవాణ్ణి. పక్కవాళ్ళు తూలిపడుతుంటే తెల్లారిందాకా రాయిలా కూర్చుంటాను. ఒక్క ఏడు కూడా తప్పలేదు. కాపలా నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

గదిలో అందరూ సద్దుమణిగారు. ఆమె మాత్రం నా దిక్కే చూస్తోంది. ఒక్కసారి రెప్ప వాలబోయింది. వెంటనే ఉలిక్కిపడి తెరిచింది. నన్ను చూసి లేవబోయింది. పట్టీలు గుంజుకున్నాయి.

"ఊకో, నేనున్న గద" అన్నాను.

నేను ఉన్నానని ధైర్యం తెచ్చుకుంటోంది. రేపు పడుకుంటుంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

పడుకోలేదు.

డాక్టరమ్మ ఈ రోజు నవ్వలేదు. గాలి పీల్చీ పీల్చీ ఆమె ఛాతీ అలసిపోతోందట. రేపో ఎల్లుండో ఇట్లాగే ఉంటే గొంతులోకి గొట్టం దించాలట. ఈ వయసులో ఒకసారి దించితే తీయడం కష్టమట. ఒక మంచి నిద్ర పడితే కొంత బలం వస్తుందని, దాని కోసమే చూస్తున్నామని అంది. ఆమెతో అనాల్సిందంతా తర్వాత వరండాలో గోడకు చెప్పుకున్నాను.

మధ్యాహ్నం మళ్ళీ కూర్చున్నాను. నిన్నటి కంటే నిటారుగా కూర్చున్నాను. ఆమె కళ్ళు ఎర్రగా, మిరపపండ్లలా ఉన్నాయి. నా దిక్కే.

రెబెకా నన్ను బయటికి పిలిచింది.

"తాతా, నువ్వు గట్ల పోలీస్ పటేల్ లెక్క కూసుంటే ఎవరికి నిద్రొస్తది? నాకే భయమైతుంది."

"నా పెండ్లానికి నేనంటే భయం లేదు."

"భయమని నేనన్లే. నువ్వున్నంతసేపు అవ్వ గుండె జోరుగ కొట్టుకుంటది, మిషన్‌ల కనవడ్తది. నువ్వు బయటికి వోతె జర తగ్గుతది. రేపొక్కనాడు బయటుండు, చూద్దం."

ఆ మాట ఎట్లా అనిపించిందంటే, రాయడం రాదు. ఎన్ని ఏండ్ల కాపురం. మిషన్ చెబుతోందట.

ఫిబ్రవరి 4, బుధవారం

బిడ్డ ధనలక్ష్మి నాగర్‌కర్నూల్ నుంచి పొద్దున బస్సుకు దిగింది. దానిది తల్లి ముక్కు, నా నోరు.

మధ్యాహ్నం నన్ను బయట ఉంచి దాన్ని లోపల కూర్చోబెట్టారు. చాలాసేపటి తర్వాత వచ్చింది.

"పండుకున్నదా?"

"లేదు. గుండె జర నిమ్మళమైంది గని, నిద్ర లేదు. ఒక్కటే అడుగుతుంది. మీ నాయిన తిన్నడా, మీ నాయిన పండుకున్నడా. తిన్నడే అన్న. పండుకున్నడా అంటది. బయట కూసున్నడు అంటి. ఇగ కన్ను మూస్తదా?"

"నేను గూసుంటే దానికేంది?"

అది నా ముఖం చూసింది. చిన్నప్పుడు తప్పు చేసి దొరికినప్పుడు నేను దాన్ని చూసినట్టు చూసింది.

"నాయినా, నువ్వు పండుకోంది అమ్మ ఎన్నడన్న పండుకున్నదా?"

"నేనేమన్న వద్దన్ననా? కాళ్లు వట్టి ఆపిన్నా?"

"నువ్వు అన్లే. అర్ధగంట కాంగనే నీళ్లంటవు, బీడీ కట్టంటవు, కాళ్ల దిక్కు దుప్పటి తీసుకరమ్మంటవు. ఒక్కపారి నిద్రల ఉండి పలుకకుంటే బిందె దన్నినవు గద. గప్పటిసంది పండుకోదు. నీ గురకొచ్చిందాక తలుపు కాడ గూసుంటది."

బిందె తన్నిన సంగతి నాకు గుర్తు లేదు. తన్ని ఉండవచ్చు. బిందెలు ఎన్నో.

"నిద్ర వట్టిందా అని ఎందుకడుగుతదనుకున్నవ్?" అంది. "నువ్వు పలికితే ఇంక గూసుంటది. పలుకకుంటే ఒరుగుతది."

అది ఆపలేదు. దానిది నా నోరే కదా.

"నీ గురక షురువైతేనే మా ఇంట్ల పండుగ నాయినా. గప్పుడు అమ్మ మాకు పల్లీలు బెల్లం వెట్టేది. ముచ్చట్లు జెప్పేది. నవ్వొస్తే కొంగు నోట్ల గుక్కుకునేది, నువ్వు లేస్తవని. నేనూ అన్నా అంటుంటిమి, ఇయ్యాల నాయిన తొందరగ గురకవెడితే బాగుండని."

అబద్ధం అన్నాను.

అబద్ధం కాదు. భీమమ్మ నవ్వితే ఎట్లా ఉంటుందో గుర్తు చేసుకుందామని ఇంతసేపూ చూశాను. కొంగే గుర్తొస్తోంది.

ఫిబ్రవరి 5, గురువారం

గొట్టం సంగతి సాయంత్రం చూస్తామన్నారు. నేనే రెబెకా దగ్గరకు పోయాను.

"నేను లోపల పండుకుంట."

"ఏంది తాతా?"

"కుర్చీల. కన్ను మూసుకుంట. గురకవెడ్త. నవ్వినవంటే జూడు."

ధనలక్ష్మి చెప్పి ఉంటుంది, ఆ పిల్ల నవ్వలేదు. డాక్టరమ్మను అడిగి వచ్చింది. సరేనన్నారు.

అంతమంది ముందు, పట్టపగలు. తలగుడ్డ విప్పి ముఖం మీద వేసుకున్నాను. కాళ్ళు చాపాను. గురక పెట్టాను. మనిషి తన గురక తాను ఎన్నడూ వినడు కదా, ఎట్లా పెట్టాలో తెలియదు. బలంగా పెట్టాను. పక్క మంచం దగ్గర ఎవరో పడిపడి నవ్వారు. నేను ఆపలేదు. పరువు పోయాక ఆపి ఏం లాభం.

మాస్కులోంచి ఆమె ఏదో అంది. రెబెకా వంగి విన్నట్టుంది. తర్వాత నా భుజం తట్టింది.

"లే తాతా. దొరికినవ్."

"ఏమన్నది?"

"గిది ఆయనది గాదంటుంది. ఆయనది ముందుగాల చిన్నగొస్తదట, నడుమ ఆగుతదట, మళ్ల ఈల లెక్క లేస్తదట. గిది దొంగ గురకట. ఆయనకేమో గావాలె, జర అడుగమన్నది."

బర్రెకూ మిషన్‌కూ తేడా తెలియని మనిషికి నా గురక తెలిసింది.

సాయంత్రం డాక్టరమ్మను చేతులు జోడించి అడిగాను. ఒక్క రోజు. చేతులు జోడించడం అంటే ఏమిటో నన్ను ఎరిగినవాళ్ళకు తెలుసు. రాత్రి గడిస్తే రేపు పొద్దుగుంకిందాకా చూస్తానంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఇది సాయంత్రం రాస్తున్నాను.

మధ్యాహ్నం ధనలక్ష్మి తెచ్చిన సద్ద రొట్టె తిన్నాను. ఖాళీ డబ్బా తీసుకుని అది లోపలికి పోయి తల్లికి చూపించింది. "చూడే, తుడుచుకోని తిన్నడు." అటెండరు ఒక బల్ల తెచ్చి ఆమె మంచం పక్కన వేశాడు. వాళ్ళ పనులన్నీ ముందే ముగించారు. సూది, నెత్తురు, పక్క మార్చేది, అన్నీ. దీపాలు తగ్గించారు. తెర దగ్గరికి లాగారు.

నేను బల్ల మీద పడుకున్నాను. గురక పెట్టలేదు, పెడితే దొరుకుతాను. కన్ను మూసుకుని ఊరికే ఉందామనుకున్నాను. ఆమె దవాఖానకు వచ్చిన నాటి నుంచి నాకూ సరైన నిద్ర లేదు. కన్ను మూయడానికి పౌరుషం అడ్డం వచ్చింది ఇన్నాళ్ళు. మాస్కులో గాలి పోతూ వస్తూ ఉంది. దాన్నే వింటున్నాను. అంతే తెలుసు.

లేచేసరికి దీపాలు వెలిగి ఉన్నాయి. నోటి పక్కన చొంగ. రెబెకా నా ముందు నిలబడి ఉంది.

"ఇద్దరు పోటీవడి పండుకుంటిరి తాతా. అన్ని మిషన్ల సప్పుడు తక్కువ జేస్తిమి, నీదొక్కటి తక్కువ జేసే మీట లేకపాయె. పక్కోల్లు తిట్టుకుంటున్నరు."

"అది?"

"నీది ఈల లేసినంక జరసేపటికే వడ్డది. నిమ్మళంగ, దీపాలేసిందాక కదల్లే. గిప్పుడే లేసింది."

నేను తిరిగి చూశాను. ఆమె కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎరుపు కొంచెం తగ్గింది. చేతుల పట్టీలు విప్పేశారు. రెబెకా ఒట్టు నిలబెట్టుకుంది.

"ఏ దిక్కు తిరిగి పండుకున్నది?" అని అడిగాను.

"ఎడమ. నీ దిక్కు."

నేను కుడి అని చెప్పాను. నేను చెప్పినందుకు ఇన్నాళ్ళూ నిద్ర వేళకు ఆమెకు కుడి పక్కకే దిండ్లు పెట్టి ఒరిగించారు.

ఫిబ్రవరి 7, శనివారం

మళ్ళీ పడుకున్నాను. ఆమె కూడా. గొట్టం మాట డాక్టరమ్మ ఎత్తలేదు. కళ్ళ మీద గుడ్డ వేస్తే ఇప్పుడు పీకడం లేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఈ రోజు ఒక ఎత్తు వేశాను. ఆమెకు నిద్ర పట్టాక నన్ను లేపమని ధనలక్ష్మికి చెప్పాను. ఒక్కసారి చూద్దామని. ఆమె నిద్రపోతుంటే నేను చూసింది లేదు. రాత్రి నేను ముందు పడుకుంటాను, పొద్దున ఆమె ముందు లేస్తుంది. లెక్క చూస్తే అంతే, ఎన్నడూ చూడలేదు.

అది నన్ను లేపింది. నా గురక ఆగింది. నేను తల తిప్పేసరికి ఆమె కళ్ళు తెరిచింది.

"ఏం గావాలె?" అంది మాస్కులోంచి.

ఫిబ్రవరి 10, మంగళవారం

మాస్కు తీసి ముక్కుకు సన్న పైపు పెట్టారు. మాట తేటగా ఉంది. బర్రె సంగతి అడిగితే తనకు గుర్తే లేదంది.

ఆమెను ఒక మాట అడగాలని పోయాను. బిందె సంగతి. మంచం పక్కన నిలబడ్డాను. "కల్లంల కాయ మొత్తం ఎండిందట" అని చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఇంటికి పంపారు. నడక లేదు, గోడ పట్టుకోవాలి. చాలా రోజులు పడుతుందట. వచ్చేటప్పుడు రెబెకా ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. పగలు వెలుతురులో కూర్చోవాలి, రాత్రి ఒక్కటే వేళకు పడుకోవాలి, నిద్ర తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. తర్వాత నా దిక్కు తిరిగింది.

"మందు నీ దగ్గరున్నది తాతా. యాళ్లకు ఎయ్యి."

నేను కసరలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

నిన్న శివరాత్రి.

పొద్దున్నే మా వాడకట్టు వాళ్ళు ఆలంపూర్‌కు ట్రాక్టరు కట్టారు. వెంకట్రాములు కూడా ఎక్కాడు. నన్ను పిలవడానికి మల్లన్న వచ్చాడు. నాతో ఎన్నో ఏండ్లు జాగారం చేసినవాడు, ఎన్నడూ తెల్లారిందాకా నిలవనివాడు.

"పెంటన్నా, రావా?"

"రాను."

"ఇంటి కాడ జేస్తవా జాగారం?"

"చెయ్య. పండుకుంట."

వాడు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. జ్వరమా అని నా నుదురు పట్టి చూసిపోయాడు. ఈ పాటికి ఊరంతా చెప్పి ఉంటాడు, పెంటయ్య శివరాత్రికి పడుకున్నాడని. చెప్పుకోనీ.

భీమమ్మ గోడకు ఆనుకుని అంతా విన్నది.

"ఆలంపురం వోవా?"

"మోకాళ్లు నొస్తున్నయి."

మోకాళ్ళు నొవ్వడం లేదు. ఆమెకు తెలుసు. నాకేం కావాలో, ఎక్కడ నొస్తుందో, ఎప్పుడు దొంగ మాటో ఆమెకు అన్నీ తెలుసు. నాకు ఆమెది ఎడమ పక్క అని ఒక్కటే తెలిసింది. అది కూడా సిస్టరు చెబితే.

పొద్దుగుంకగానే తిన్నాను. చెంబు నీళ్ళు నేనే తెచ్చి మంచం కింద పెట్టుకున్నాను. దుప్పటి కూడా నేనే తీసుకున్నాను. ఆమె లేవబోతే ధనలక్ష్మి కూర్చోబెట్టింది. నా మంచాన్ని ఆమెకు ఎడమ దిక్కున వేసి, దీపం తగ్గించమన్నాను. ఊరిలో మైకు పెట్టారు, కిటికీ మూయమన్నాను.

ఆమె పడుకుందట. ధనలక్ష్మి పొద్దున చెప్పింది, మంచిగా పడుకుందని. నేను చూడలేదు. చూడాలంటే నేను మేలుకోవాలి, నేను మేలుకుంటే ఆమె పడుకోదు. ఇక ఇంతే.

దీపం తగ్గించాక కళ్ళు మూసుకున్నాను. గురక పెట్టలేదు. నిద్ర రావాలని, నిజం నిద్ర రావాలని శివుణ్ణి అడుక్కున్నాను. ఆ రాత్రి మొత్తం మీద ఆయనను నిద్ర అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. కాసేపటికి ఆమె గొంతు వచ్చింది, మెల్లగా.

"నిద్ర వట్టిందా?"

నేను పలకలేదు.